చేతిలోని ఇనప్పెట్టె

పాఠ్యభాగ ఉద్దేశం

నేటి మనిషి తన రహస్యాలను, పత్రాలను, ధనాన్ని సెల్‌ఫోన్‌లో దాచుకొంటున్నాడు. ఒక రకం ఫోన్ నుంచి మరొక రకం ఫోన్‌కు మారేటప్పుడు పాస్‌వర్డులను, సొంత సమాచారాన్ని భద్రంగా తరలించే పద్ధతిని, అందులో పాటించవలసిన క్రమాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

సికింద్రాబాద్ బజార్ల పట్టణం. మూడవ నిజాం సికందర్ జా పేరుమీద 1806లో ఏర్పడిన ఈ దండు పట్టణాన్ని పాతతరం వారు నేటికీ లష్కర్ అనే పిలుస్తారు. కూరగాయలకు మోండా మార్కెట్, బట్టలకు జనరల్ బజార్, యంత్ర సామగ్రికి రాణిగంజ్ ఎలా పేరుపొందాయో, కంప్యూటర్లకు, వాటి విడిభాగాలకు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ అలా పేరుపొందింది. ఒకప్పుడు ఇటువంటి బజార్లలో దుకాణదారుని గద్దె పక్కన ఇనప్పెట్టె ఉండేది. రొక్కం, ప్రామిసరీ నోట్లు, దస్తావేజులు, ఇంటి ఆడవారి నగలు అందులో దాచేవారు. తాళంచెవి యజమాని మొలతాడుకు వేలాడేది. ఆ ఇనప్పెట్టె చేసిన పనిలో పెద్ద భాగాన్ని నేడు యజమాని జేబులోని సెల్‌ఫోన్ చేస్తున్నది.

జనరల్ బజార్‌లో చిన్న బట్టల దుకాణం నడుపుకొనే ఒక కుటుంబాన్ని ఊహించుకోవచ్చు. తండ్రి చేతిలో అయిదేళ్లుగా వాడుతున్న ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది. కొనుగోలుదారులు చెల్లించే సొమ్ము యూపీఐ ద్వారా ఆ ఫోన్‌తో ముడిపడిన ఖాతాలో జమ అవుతుంది. సూరత్ వ్యాపారులతో జరిపిన బేరసారాలన్నీ వాట్సాప్‌లో ఉన్నాయి. కూతురు ఇంటర్మీడియట్ పూర్తిచేసి డిగ్రీ ప్రవేశాల కోసం ‘దోస్త్’లో పేరు నమోదు చేసుకొంది. ఆమె ఆధార్‌కు జతపరచిన నంబరు తండ్రిదే. ‘దోస్త్’ పిన్, ఉపకార వేతనానికి సంబంధించిన ‘ఈపాస్’ దరఖాస్తు సంఖ్య, బ్యాంకు పాస్‌వర్డు అన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. ఇంతలో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మేనమామ సెలవులకు వస్తూ బావగారికి ఒక ఐఫోన్ తెచ్చాడు. పాత ఫోన్‌ను అమ్మివేస్తే నాలుగు రూపాయలు వస్తాయని ఇంట్లో అనుకొన్నారు. “అమ్మేముందు ఒక్కమాట నాన్నా! నా పిన్ నంబర్లన్నీ దాంట్లోనే ఉన్నాయి” అని కూతురు అడ్డుపడింది.

ఆ ఒక్క మాట వెనుక నేడు ప్రతి కుటుంబానికీ ఎదురయ్యే ప్రశ్న ఉంది. ఫోన్ మారవచ్చు; అందులోని రహస్యాలు ఏ దారిన మారాలి? తొందరపడితే రెండు రకాల నష్టం కలుగుతుంది. అవసరమైన తాళంచెవి పోగొట్టుకొని సొంత ఖాతా ముందే నిస్సహాయంగా నిలబడవలసి రావచ్చు. లేదా ఆ తాళంచెవి పరాయివారి చేతిలో పడవచ్చు. ఈ రెండింటినీ తప్పించేది క్రమం. ఏ పని ముందు, ఏ పని వెనుక అనే వివేకమే ఈ తరలింపులో ప్రధానం.

ఫోన్‌లో ఏమేమి ఉన్నాయి?

భారతదేశంలో మొదటి సెల్‌ఫోన్ సంభాషణ 1995 జూలై 31న జరిగింది. ఆనాటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. ఆ తరువాత చాలా ఏళ్లపాటు ఫోన్ మార్చడం తేలికైన పని. పేర్లు, నంబర్లు సిమ్ కార్డులో ఉండేవి. పాత ఫోన్ నుంచి సిమ్ తీసి కొత్తదానిలో పెడితే తరలింపు ముగిసేది. స్మార్ట్‌ఫోన్ వచ్చాక ఆ సౌలభ్యం పోయింది. సిమ్‌లో నంబరు మాత్రమే మిగిలింది. తక్కిన సంపద అంతా ఫోన్‌లోనికి, దానితో అనుసంధానమైన దూరపు కంప్యూటర్లలోనికి చేరింది.

ఇల్లు మారే కుటుంబం మొదట వస్తువులను విడదీసుకొంటుంది. ఫోన్‌లోని వాటిని కూడా అలాగే నాలుగు రకాలుగా విభజించుకోవచ్చు.

మొదటి రకం సామాను. ఫొటోలు, పేర్లు, నంబర్లు, సందేశాలు ఇందులోకి వస్తాయి. ఇవి బండికి ఎక్కించి తీసుకుపోదగినవి. రెండవ రకం తాళంచెవులు. వివిధ ఖాతాల పాస్‌వర్డులు, పిన్‌లు ఈ కోవకు చెందుతాయి. ఇవి పరిమాణంలో చిన్నవి, విలువలో గొప్పవి. వీటిని సామానుతో కలిపి పంపరాదు. మూడవ రకం గోడకు బిగించినవి. యూపీఐ నమోదు, 30 సెకన్లకు ఒకసారి మారే సంకేత సంఖ్యలను చూపే అథెంటికేటర్ యాప్, వేలిముద్ర గుర్తింపు మొదలైనవి ఆ ఫోన్‌తోనే ముడిపడి ఉంటాయి. వీటిలో కొన్నింటిని ఊడదీసి కొత్తచోట మళ్లీ బిగించుకోవాలి. నాలుగవ రకం అసలు ఇంట్లో లేనివి. బ్యాంకులోని సొమ్ము, 2015లో ప్రారంభమైన డిజిలాకర్‌లోని పత్రాలు ఫోన్‌లో ఉన్నట్లు కనిపిస్తాయి కాని అవి ఉండేది వేరేచోట. వాటిని మోయనవసరం లేదు. చేరుకొనే దారి పోకుండా చూసుకొంటే చాలు.

ఈ విభజన చేసేటప్పుడు ఒక అలవాటును ప్రత్యేకంగా గమనించాలి. చాలామంది ఏటీఎం పిన్‌ను ఒక మారుపేరుతో ఫోన్ నంబరులా దాచుకొంటారు. గ్యాస్ ఏజెన్సీ పేరుకు ఎదురుగా ఉన్న పది అంకెల్లో చివరి నాలుగు అంకెలే రహస్యం అన్నమాట. ఇది ఇంట్లోవారికి తెలిసిన ఉపాయమే కావచ్చు. కాని పేర్ల పట్టికను చూసేందుకు ఎన్నో యాప్‌లు అనుమతి అడుగుతాయి. వాడుకరి ఆలోచించకుండా అనుమతి ఇస్తాడు. కొత్త ఫోన్‌కు మారినప్పుడు ఆ పట్టిక మొత్తం మరొక సంస్థ కంప్యూటర్లలోకి కూడా చేరవచ్చు. ఇలా తాళంచెవి సామానుతో కలిసిపోయి ఊరంతా తిరుగుతుంది.

పాస్‌వర్డు పుట్టుక, దాని బలహీనత

కంప్యూటర్లలో పాస్‌వర్డు వాడకం 1960ల ప్రారంభంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో మొదలైంది. అక్కడ ఫెర్నాండో కార్బాటో నాయకత్వంలో ఒకే కంప్యూటర్‌ను అనేకులు పంచుకొనే విధానం రూపొందింది. దానిని 1961లో ప్రదర్శించారు. ఎవరి కాగితాలు వారికే కనిపించాలనే ఉద్దేశంతో ఒక్కొక్కరికి ఒక్కొక్క రహస్యపదం ఇచ్చారు. ప్రతి ఒక్కరికీ కంప్యూటర్‌పై పరిమితమైన సమయమే లభించేది. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి ఆ సమయం చాలలేదు. పాస్‌వర్డుల జాబితా ఉన్న ఫైలును అచ్చు వేయవలసిందిగా అతడు పంచ్‌కార్డు ద్వారా యంత్రాన్ని కోరాడు. యంత్రం విధేయంగా అచ్చు వేసి ఇచ్చింది. అందరి రహస్యాలు ఒక్క కాగితంపై అతని చేతికి వచ్చాయి.

ఈ వృత్తాంతం బోధించే విషయం ఒకటి ఉంది. రహస్యాల జాబితా చదవడానికి వీలైన రూపంలో ఒకచోట ఉంటే, అది దొరికినవాడే యజమాని అవుతాడు. ఫోన్‌లోని నోట్స్‌లో రాసుకొన్న పాస్‌వర్డులు, తనకు తానే వాట్సాప్‌లో పంపుకొన్న పిన్‌లు, ఫొటో తీసి ఉంచుకొన్న కాగితం, ఇవన్నీ ఆనాటి అచ్చు కాగితం వంటివే.

దీనికి పరిష్కారం గూఢలిపి. సమాచారాన్ని ఒక గణిత ప్రక్రియ ద్వారా అర్థంకాని అక్షరాల గుంపుగా మార్చి, సరైన తాళంచెవి ఉన్నవారికి మాత్రమే తిరిగి చదవగలిగేలా చేయడమే గూఢలిపి విధానం. నేడు విస్తృతంగా వాడే ఏఈఎస్ అనే ప్రమాణాన్ని అమెరికా ప్రభుత్వ సంస్థ 2001లో స్వీకరించింది. దీనిని రూపొందించినవారు బెల్జియం దేశానికి చెందిన జోన్ డామెన్, విన్సెంట్ రైమెన్. ఇందులో 256 బిట్ల తాళంచెవిని వాడినప్పుడు సాధ్యమయ్యే తాళంచెవుల సంఖ్యను రాయడానికి 78 అంకెలు కావాలి. వాటిని ఒక్కొక్కటిగా ప్రయత్నించి తెరవడం అసాధ్యం. అందువల్ల దొంగ తాళాన్ని వదిలి మనిషిని ఆశ్రయిస్తాడు. మాయమాటలు చెప్పి తాళంచెవినే అడిగి తీసుకొంటాడు.

గూఢలిపి ఆధారంగా పాస్‌వర్డు ఖజానాలు వచ్చాయి. అమెరికాకు చెందిన భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ రూపొందించిన ‘పాస్‌వర్డ్ సేఫ్’ 1997లో వెలువడింది. అన్ని పాస్‌వర్డులూ ఖజానాలో ఉంటాయి. ఖజానాను తెరిచే ఒక్క పెద్ద పాస్‌వర్డు మాత్రం యజమాని మనసులో ఉంటుంది. గూగుల్, ఆపిల్ సంస్థలు తమ ఫోన్లలో ఇటువంటి ఖజానాలనే అమర్చాయి.

వేదిక మారితే వచ్చే చిక్కు

ఒకే రకం ఫోన్ల మధ్య తరలింపు సులభం. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు మారడం వంటి వేదిక మార్పులో చిక్కు వస్తుంది. ఒక్కొక్క సంస్థ తన ఖజానాను తన పద్ధతిలో కట్టుకొంది. ఒకదాని తాళం మరొకదానికి సరిపడదు. వాట్సాప్ సంభాషణలను ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు తరలించే అధికారిక మార్గం కూడా 2022లో గాని రాలేదు.

వేదికలు శాశ్వతం కావు. భారతదేశంలో ఒకప్పుడు నోకియా సింబియన్ ఫోన్లు ఇంటింటా కనిపించేవి. ఆ వేదిక కనుమరుగైంది. ఉద్యోగుల చేతుల్లో గౌరవ చిహ్నంగా వెలిగిన బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు ఆ సంస్థ 2022 జనవరి 4న సేవలు నిలిపివేసింది. మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ కథకు జంటనగరాలతో ఒక సంబంధం ఉంది. సికింద్రాబాద్‌ను ఆనుకొని ఉన్న బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి అయ్యారు. నోకియా ఫోన్ల విభాగాన్ని కొనుగోలు చేయాలన్న నిర్ణయం అంతకుముందే, 2013లోనే జరిగింది. ఆ వ్యాపారం నిలదొక్కుకోలేదు. 2015లో సంస్థ 760 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కలో చూపి వెనక్కు తగ్గింది. విండోస్ 10 మొబైల్‌కు 2020 జనవరితో మద్దతు ముగిసింది. ఎంత పెద్ద సంస్థ కట్టిన ఇల్లయినా ఒకనాడు ఖాళీ చేయవలసి రావచ్చునని ఈ ఉదాహరణలు చెబుతున్నాయి. కనుక సమాచారాన్ని దాచేటప్పుడే దానిని బయటకు తీసుకొనే దారి ఉన్నదా అని చూసుకోవాలి.

బయటకు తీసే దారుల్లో పాతది సీఎస్‌వీ ఫైలు. ఖజానాలోని పాస్‌వర్డులన్నింటినీ ఒక పట్టికగా రాసి ఇచ్చే పద్ధతి ఇది. దాదాపు అన్ని ఖజానాలూ దీనిని చదవగలవు. అయితే ఈ పట్టికకు గూఢలిపి రక్షణ లేదు. ఫైలు తెరిచిన వారందరికీ పాస్‌వర్డులు కనిపిస్తాయి. దీనిని ఈమెయిల్‌లోనో, వాట్సాప్‌లోనో పంపుకోవడం నగలను పళ్లెంలో పెట్టుకొని నడిబజారులో నడవడం వంటిది. తప్పనిసరి అయితే సొంత కంప్యూటర్‌లో మాత్రమే తీసి, కొత్త ఖజానాలోకి ఎక్కించిన వెంటనే ఆ ఫైలును పూర్తిగా తొలగించాలి. చెత్తబుట్ట ఫోల్డరును కూడా ఖాళీ చేయాలి.

ఈ లోపాన్ని సరిదిద్దడానికి ఫిడో అనే అంతర్జాతీయ కూటమి పూనుకొంది. పాస్‌వర్డులు, పాస్‌కీలు ఒక ఖజానా నుంచి మరొకదానికి గూఢలిపిలోనే ప్రయాణించేలా ప్రమాణాల ముసాయిదాను 2024 అక్టోబరులో విడుదల చేసింది. 2025లో వచ్చిన ఐఓఎస్ 26లో ఆపిల్ ఇటువంటి మార్పిడికి చోటు కల్పించింది. నగలను పళ్లెంలో కాక, మూసిన పెట్టెలో పంపే ఏర్పాటు ఇది. అయితే పంపే యాప్, అందుకొనే యాప్ రెండూ ఈ పద్ధతిని అంగీకరించినప్పుడే ఇది సాధ్యమవుతుంది.

తరలింపులో నాలుగు దశలు

మొదటి దశ లెక్క. ఏయే ఖాతాలు ఉన్నాయో, ఏది ఏ నంబరుకు, ఏ ఈమెయిల్‌కు ముడిపడి ఉన్నదో రాసుకోవాలి. ఈ కాగితంపై ఖాతాల పేర్లు మాత్రమే ఉండాలి, పాస్‌వర్డులు రాయకూడదు. అన్ని ఖాతాల్లో ఈమెయిల్ ఖాతా ముఖ్యమైనది. ఎందుకంటే ఏ పాస్‌వర్డు మరచిపోయినా కొత్తది తెచ్చుకొనే దారి సాధారణంగా ఈమెయిల్ గుండానే పోతుంది. కొన్ని ఖాతాలు అత్యవసర సమయంలో వాడుకొనే ప్రత్యామ్నాయ సంకేతాలను ఇస్తాయి. వాటిని కాగితంపై రాసి ఇంటి బీరువాలో పెట్టుకోవడం మంచిది. ఇంటర్నెట్ దొంగ ఇంటి బీరువా తెరవలేడు.

రెండవ దశ తరలింపు. ఫొటోలు, పేర్లు, సందేశాలకు సంస్థలే యాప్‌లు అందిస్తున్నాయి. ఆండ్రాయిడ్ నుంచి వచ్చేవారి కోసం ఆపిల్ 2015లో ‘మూవ్ టు ఐఓఎస్’ అనే యాప్‌ను విడుదల చేసింది. కొత్త ఫోన్‌ను మొదటిసారి సిద్ధపరిచే సమయంలోనే దీనిని వాడటం సులభం. పాస్‌వర్డుల సంగతి సాధారణంగా విడిగా చూసుకోవాలి. అవి గూగుల్ ఖజానాలో ఉన్నట్లయితే ఐఫోన్‌లో క్రోమ్ యాప్ ద్వారా అదే గూగుల్ ఖాతాలోకి ప్రవేశించి వాడుకోవచ్చు. అప్పుడు సీఎస్‌వీ ఫైలు అవసరమే రాదు.

యూపీఐ పద్ధతి వేరు. 2016లో జాతీయ చెల్లింపుల సంస్థ ప్రవేశపెట్టిన ఈ విధానం బ్యాంకు లాకరును పోలి ఉంటుంది. లాకరు తెరవడానికి బ్యాంకు తాళంచెవి ఒకటి, ఖాతాదారుని తాళంచెవి ఒకటి కావాలి. ఇక్కడ బ్యాంకులో నమోదైన సిమ్ గల ఫోన్ ఒక తాళంచెవి, యూపీఐ పిన్ మరొకటి. కొత్త ఫోన్‌లో సిమ్ పెట్టి యాప్‌ను నమోదు చేసినప్పుడు ఆ నంబరు నుంచి ఒక సందేశం వెళ్లి గుర్తింపును ధ్రువపరుస్తుంది. పిన్ ఫోన్‌లో దాగి ఉండదు. దానిని సరిచూసేది బ్యాంకు. కాబట్టి పిన్‌ను ఎక్కడా రాసి తరలించవలసిన పనిలేదు. మరొక సంగతి. పాత సిమ్‌కు బదులు కొత్త సిమ్ గాని, ఈ-సిమ్ గాని తీసుకొన్నప్పుడు మోసాలను అరికట్టడానికి 24 గంటలపాటు సందేశాలను నిలిపివేసే పద్ధతి ఉంది. డిగ్రీ కళాశాలల ఎంపికకు గడువు ముగిసే రోజున సిమ్ మార్చిన విద్యార్థి ఓటీపీ కోసం ఎదురుచూస్తూ సీటు పోగొట్టుకొనే ప్రమాదం ఉంది. అటువంటి పనులకు తీరిక ఉన్న రోజును ఎంచుకోవాలి.

మూడవ దశ సరిచూత. కొత్త ఇంట్లో పాలు పొంగించిన తరువాతనే పాత ఇంటిని ఖాళీ చేయడం తెలుగువారి ఆచారం. అదే న్యాయం ఇక్కడ వర్తిస్తుంది. కొత్త ఫోన్‌లో ప్రతి ఖాతాలోకి ఒకసారి ప్రవేశించి చూడాలి. ఒక రూపాయి పంపి యూపీఐని పరీక్షించాలి. డిజిలాకర్‌లో మార్కుల పత్రం తెరుచుకొంటున్నదా, అథెంటికేటర్ సంకేతాలు పనిచేస్తున్నాయా అని పరిశీలించాలి. కొన్ని రోజులు రెండు ఫోన్లనూ దగ్గర ఉంచుకోవాలి. ఎక్కువమంది పొరపడేది ఈ దశలోనే. అథెంటికేటర్‌ను తరలించకుండా పాత ఫోన్‌ను చెరిపివేసినవారు తమ ఖాతాల ముందు తామే అపరిచితులుగా నిలబడవలసి వస్తుంది.

నాలుగవ దశ చెరిపివేత. దీనిని గురించి కొంత వివరంగా తెలుసుకోవాలి.

పాత ఫోన్‌లో మిగిలేది ఏమిటి?

ఫోన్‌లో ఒక ఫొటోను తొలగించినంత మాత్రాన అది నశించిపోదు. విషయసూచికలోని పేరును కొట్టివేసినంత మాత్రాన పుస్తకంలోని పాఠం చెరిగిపోనట్లే, సమాచారం చాలాకాలం అక్కడే ఉండవచ్చు. 2015లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ 21 పాత ఆండ్రాయిడ్ ఫోన్లను పరిశీలించారు. ఫ్యాక్టరీ రీసెట్ చేసిన తరువాత కూడా వాటిలో సందేశాలు, ఫొటోలు, చివరకు ఖాతాల్లోకి ప్రవేశించే సంకేతాలు సైతం తిరిగి లభించే అవకాశం ఉందని వారు వెల్లడించారు.

ఆ పరిశీలన నాటి ఫోన్లలో గూఢలిపి తప్పనిసరి కాదు. ఆ తరువాత పరిస్థితి మెరుగుపడింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో విడుదలయ్యే ఫోన్లన్నింటికీ గూఢలిపి తప్పనిసరి అయింది. ఐఫోన్లలో ఆ ఏర్పాటు అంతకు చాలాముందే ఉంది. ఇటువంటి ఫోన్‌లో రీసెట్ చేసినప్పుడు గూఢలిపి తాళంచెవి నాశనమవుతుంది. అక్షరాల గుంపు మిగిలినా దానిని చదవగల సాధనం మిగలదు. ఇంట్లో మూలనపడిన మరీ పాత ఫోన్ అయితే, సెట్టింగులలో గూఢలిపి రక్షణను ముందుగా అమలుచేసి ఆ తరువాత రీసెట్ చేయడం మేలు.

రీసెట్ చేసేముందు మరికొన్ని పనులు ఉన్నాయి. ఫోన్ నుంచి గూగుల్ లేదా ఆపిల్ ఖాతాను తొలగించాలి. అలా చేయకపోతే దొంగతనాన్ని నిరోధించే ఏర్పాటు వల్ల ఫోన్ కొన్నవారికి అది తెరుచుకోదు. సిమ్‌ను, మెమరీ కార్డును తీసివేయాలి. *#06# నొక్కితే కనిపించే 15 అంకెల ఐఎంఈఐ సంఖ్యను రాసి ఉంచుకోవాలి. అమ్మినవారు కొన్నవారి నుంచి రసీదు తీసుకోవడం అవసరం. తరలింపు పనిని దుకాణంలో మరొకరికి అప్పగించేవారు కూడా ఒక నియమం పాటించాలి. ఫోన్‌ను ఇవ్వవచ్చు, తెరిచే సంకేతాన్ని చెప్పి వదిలి రాకూడదు. ఎదుటి మనిషి ఎంత మంచివాడైనా, ఇనప్పెట్టె తెరిచి పెట్టి పక్కవీధికి వెళ్లే వ్యాపారి ఉండడు.

తరలించేలోపే ఫోన్ పోతే ‘సంచార్ సాథీ’ ద్వారా దానిని దేశంలోని ఏ మొబైల్ నెట్‌వర్క్‌లోనూ పనిచేయకుండా చేయించవచ్చు. కేంద్ర ప్రభుత్వం ఈ సౌకర్యాన్ని 2023 మే నెలలో దేశమంతటికీ అందుబాటులోకి తెచ్చింది. డబ్బు మోసానికి గురైనవారు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

సమాచారం ఎవరిది?

ఈ జాగ్రత్తలన్నింటి వెనుక ఒక హక్కు ఉంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న భారత సర్వోన్నత న్యాయస్థానానికి చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా ప్రకటించింది. ఆ వ్యాజ్యం వేసినవారు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి. 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అవి దశలవారీగా అమలులోకి వచ్చేలా రూపొందాయి. తన సమాచారం ఏమి ఉన్నదో తెలుసుకొనే హక్కును, సరిదిద్దించే హక్కును, తొలగించమని కోరే హక్కును ఈ చట్టం పేర్కొంది.

తన సమాచారాన్ని ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు తీసుకుపోయే హక్కు మాత్రం ఇందులో లేదు. 2018 మే 25 నుంచి అమలులో ఉన్న ఐరోపా సమాజ నిబంధనల్లో అటువంటి హక్కు ఉంది. భారత పార్లమెంటులో 2019లో ప్రవేశపెట్టిన బిల్లులో కూడా అది ఉండేది. చట్టం చేతికి అందించని ఆ పనిని ప్రతి వ్యక్తీ తన జాగ్రత్తతో పూరించుకోవలసి ఉంటుంది.

జనరల్ బజార్ కుటుంబం ఒక ఆదివారం ఆ పనికి కూర్చొన్నదని అనుకొందాం. తండ్రి ఖాతాల పేర్లు చెబుతుంటే కూతురు రాస్తుంది. మారుపేర్లతో దాచిన పిన్‌లను పట్టికలో వెతికి తొలగిస్తుంది. వారం రోజులు పాత ఫోన్ బీరువాలో ఉంటుంది. ‘దోస్త్’ మొదటి జాబితాలో ఆమెకు సీటు వచ్చిందన్న సందేశం కొత్త ఫోన్‌లో మోగుతుంది. ఆ తరువాతనే పాత ఫోన్ ఖాళీ అయి బజారుకు వెళుతుంది. దానికి వచ్చే రొక్కం స్వల్పమే. అందులో ఉండిపోకుండా కాపాడుకొన్నది మాత్రం వెలకట్టలేనిది.

అభ్యాసం

I. కఠిన పదాలకు అర్థాలు
దండు : సైన్యం
గద్దె : దుకాణదారుడు కూర్చొనే పీఠం
దస్తావేజు : ఆస్తి హక్కును తెలిపే పత్రం
గూఢలిపి : ఇతరులు చదవలేని రహస్య లిపి
ముసాయిదా : చిత్తుప్రతి
వృత్తాంతం : జరిగిన సంగతి
గోప్యత : రహస్యంగా ఉంచుకొనే స్థితి

II. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఫోన్ మార్చేటప్పుడు పాటించవలసిన నాలుగు దశలను వివరించండి.
2. వేదికలు శాశ్వతం కావని పాఠ్యభాగం ఆధారంగా నిరూపించండి.

III. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఫోన్‌లోని వస్తువులను ఎన్ని రకాలుగా విభజించవచ్చు? అవి ఏవి?
2. సీఎస్‌వీ ఫైలు వల్ల కలిగే ప్రమాదం ఏమిటి?
3. యూపీఐకి, బ్యాంకు లాకరుకు గల పోలికను తెలపండి.

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. సికింద్రాబాద్‌కు గల మరొక పేరు ఏమిటి?
2. ఏఈఎస్ ప్రమాణాన్ని రూపొందించినవారు ఎవరు?
3. గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు వెలువడిన సంవత్సరం ఏది?

V. సంధులు
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
సర్వోన్నత = సర్వ + ఉన్నత – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి